టీ బంగళా, షామియానా, గ్యాలరీ

లండన్‌లోని కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో సర్పెంటైన్ గ్యాలరీ ఉన్న భవనంలో మొదట అమ్మింది టీ. పార్కుకు వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని, ఒక కప్పు తాగి వెళ్ళడానికి 1933-34లో జేమ్స్ గ్రే వెస్ట్ అనే ఆర్కిటెక్ట్ దాన్ని కట్టాడు. ఇటుక గోడలు, చుట్టూ పచ్చిక, చెట్లు. 1970లో బ్రిటన్ ఆర్ట్స్ కౌన్సిల్ అందులో సమకాలీన కళకు ఒక గ్యాలరీ పెట్టింది. టీ పోయి కళ వచ్చింది గానీ భవనం స్వభావం పెద్దగా మారలేదు. నడిచి నడిచి అలిసినవాళ్ళు, వాన మొదలైతే తల దాచుకునే చోటు వెతికేవాళ్ళు, పిల్లలకి బాత్రూమ్ ఎక్కడుందా అని చూసే తల్లులు ఇప్పటికీ ఆ తలుపు తోసుకుని లోపలికి వస్తారు. లోపల ఏముందో వాళ్ళకు తెలియదు, తెలుసుకుని రాలేదు కూడా. కొత్త కళకు ఇంతకంటే మంచి ప్రేక్షకులు దొరకడం కష్టం.

గ్యాలరీ అనగానే చాలామందికి ఒక బెరుకు. గుడిలో ఎలా ఉండాలో తెలుసు, సినిమా హాల్లో ఎలా ఉండాలో తెలుసు. గ్యాలరీలో ఒక బొమ్మ ముందు ఎంతసేపు నిలబడాలి? మాట్లాడొచ్చా? "ఇదేంటో అర్థం కాలేదు" అని పైకి అంటే పక్కవాళ్ళు ఏమనుకుంటారు? టికెట్ ధర కంటే ఈ టెన్షనే ఎక్కువమందిని బయట ఆపేస్తుంది. సర్పెంటైన్‌లో ప్రవేశం ఉచితం. ఆ మాటకొస్తే లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ కూడా ఉచితమే. కానీ బ్రిటిష్ మ్యూజియం ముందున్న ఆ రాతి స్తంభాల వరస, ఆ మెట్లు చూస్తే ఏదో పని ఉంటేనే లోపలికి వెళ్ళాలనిపిస్తుంది. టీ బంగళాకి ఆ బరువు లేదు. దాని ముందు నిలబడితే ఎవరూ చిన్నబోరు.

ఆ భవనం ప్రదర్శనలు ఏర్పాటు చేసే క్యురేటర్లకు పెట్టే ఇబ్బంది మాత్రం వేరు. కిటికీల్లోంచి ఎండ పడుతుంది, లోపలి గోడ మీద ఉన్నదాని కంటే బయట పరుగెత్తే కుక్కే ఎక్కువ ఆకట్టుకుంటుంది. మామూలు గ్యాలరీలు కిటికీలు మూసేసి తెల్ల గోడల పెట్టెలా తయారవడానికి కారణం ఇదే: చూసేవాడి కన్ను పక్కకు పోకూడదు. పార్కు గ్యాలరీకి ఆ పట్టుదల చెల్లదు. అక్కడ ఏం పెట్టినా బయట ఉన్న చెట్టుతో పోటీ పడాల్సిందే. ఇది లోపంలా కనిపిస్తుంది గానీ యాభై ఏళ్ళకు పైగా ఈ సంస్థ చేసిన మంచి పనులు చాలావరకు ఈ పోటీని ఒప్పుకున్నవే.

హైదరాబాద్‌లో పార్కు, మ్యూజియం పక్కపక్కన ఉన్న చోటు అనగానే గుర్తొచ్చేది నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్. రాష్ట్ర పురావస్తు మ్యూజియం, అందులోని ఈజిప్టు మమ్మీ, పిల్లలకు సంగీతం, చిత్రలేఖనం నేర్పే జవహర్ బాల భవన్ అన్నీ ఆ ఆవరణలోనే. ఉదయం వాకింగ్‌కి వచ్చేవాళ్ళు మాత్రం మ్యూజియం తలుపులు తెరిచేలోపే ఇళ్ళకు వెళ్ళిపోతారు. టికెట్ చిన్నదే కావచ్చు, కానీ టికెట్ ఉందంటేనే అదొక నిర్ణయం అవుతుంది, ఊరికే తొంగి చూడడం కుదరదు. పార్కులో భవనం ఉండడం వేరు, ఆ భవనం పార్కు అలవాట్లలో కలిసిపోవడం వేరు. సర్పెంటైన్‌ను పరిశీలించాల్సింది ఈ రెండో విషయం కోసమే.

1991 నుంచి 2016 దాకా జూలియా పేటన్ జోన్స్ డైరెక్టర్‌గా ఉన్నారు. ఇప్పుడు మనం చూసే సర్పెంటైన్ చాలావరకు ఆవిడ తయారుచేసిందే. 2006లో హాన్స్ ఉల్రిక్ ఓబ్రిస్ట్ అనే క్యురేటర్ వచ్చి చేరాడు. యువరాణి డయానా ఈ గ్యాలరీకి పోషకురాలు. 1996-98 మధ్య నలభై లక్షల పౌండ్లతో భవనాన్ని బాగుచేశారు. ఆ పని నడుస్తుండగానే 1997లో ఆవిడ చనిపోయారు. గ్యాలరీ ముంగిట ఇయాన్ హామిల్టన్ ఫిన్లే చేసిన శిల్పం ఆవిడకే అంకితం. శిల్పం అంటే విగ్రహం అనుకోవద్దు. నేల మీద పరిచిన ఒక గుండ్రటి రాయి, దాని మీద చెక్కిన ఆ పార్కులోని చెట్ల పేర్లు, పక్కన ఎనిమిది బెంచీలు, అంతే. కాలి కింద అక్షరాలు కనిపించి తల వంచి చదివేవాళ్ళు కొందరు, అసలు చూడకుండా తొక్కుకుంటూ వెళ్ళేవాళ్ళు కొందరు. బెంచీ మీద కూర్చుని శాండ్‌విచ్ తినేవాళ్ళకి తాము కళాఖండం మీద కూర్చున్నామన్న సంగతే తెలియదు. గడప బయటే గ్యాలరీ పని మొదలైపోయిందన్న మాట.

అసలు మలుపు 2000లో వచ్చింది, అదీ ఒక విందు పుణ్యాన. ముప్పై ఏళ్ళ పండగకి, విరాళాల కోసం పెద్ద డిన్నర్ పెట్టాలనుకున్నారు. దానికి పచ్చికలో ఒక గుడారం కావాలి. పెళ్ళిళ్ళకి వేసే టెంటు తెప్పించకుండా, ఆర్కిటెక్ట్ జహా హదీద్‌ని అడిగారు. అప్పటికి ఆవిడ పేరు ప్రపంచమంతా తెలుసు గానీ బ్రిటన్‌లో ఆవిడ సొంత భవనం లేదు. మడతలు మడతలుగా దిగిన త్రికోణాల పైకప్పుతో ఆవిడ వేసిన టెంటు ఒక్క రాత్రి కోసం. తీరా చూశాక తీసేయడానికి మనసొప్పక, వేసవి అంతా ఉంచేశారు. అది చూసిన జనం మళ్ళీ ఏడాది ఏం వేస్తారని అడగడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి దాదాపు ప్రతి వేసవిలో ఒక ఆర్కిటెక్ట్ వచ్చి ఆ పచ్చికలో ఒక పెవిలియన్, అంటే తాత్కాలిక మండపం, కట్టడం ఆనవాయితీ అయింది. మొదట పెట్టుకున్న షరతు భలే ఉంటుంది: పిలిచేనాటికి ఆ ఆర్కిటెక్ట్ ఇంగ్లండ్‌లో ఏ భవనమూ పూర్తిచేసి ఉండకూడదు. పిలిచిన రోజు నుంచి తలుపులు తెరిచేదాకా సుమారు ఆరు నెలలు. మూడు నాలుగు నెలలు నిలబెట్టి, అక్టోబర్ నాటికి విప్పేసి, ఎవరికైనా అమ్మేస్తారు.

మన పాత ఇళ్ళకి అరుగు ఎందుకో, ఆ గ్యాలరీకి ఈ పెవిలియన్ అందుకు. దారిన పోయేవాడు అరుగు మీద కూర్చోవడానికి ఇంటివాళ్ళని అడగక్కర్లేదు. కూర్చుంటే మంచినీళ్ళు వస్తాయి, మాట కలుస్తుంది, లోపల వంట వాసన వస్తుంది. లోపలికి వెళ్ళాలా వద్దా అన్నది ఆ తర్వాతి సంగతి. పెవిలియన్‌లో కాఫీ దొరుకుతుంది, పిల్లలు ఎక్కి దూకుతారు, ముసలివాళ్ళు పేపర్ చదువుకుంటారు. ఎదురుగా పది అడుగుల దూరంలో గ్యాలరీ తలుపు తెరిచే ఉంటుంది.

అన్ని పెవిలియన్లూ అరుగులు కాలేదు. కొన్ని ఫోటోల్లో గొప్పగా కనిపించి, మనిషి కూర్చోవడానికి పనికిరాకుండా పోయాయి. 2009లో జపాన్‌కి చెందిన సనా సంస్థ సన్నటి స్తంభాల మీద అద్దంలా మెరిసే అల్యూమినియం కప్పు వేసింది, మబ్బులూ మనుషులూ అందులో తలకిందులుగా కనిపించేవాళ్ళు. 2013లో సౌ ఫుజిమొటో తెల్లటి సన్న ఉక్కు కడ్డీలతో మంచు మబ్బులాంటిది కట్టాడు, జనం దాని మీదికి ఎక్కి కూర్చున్నారు. 2017లో ఫ్రాన్సిస్ కెరె వంతు. బుర్కినా ఫాసోలోని గాండో అనే ఊరు ఆయనది. ఊరి మధ్యలో జనమంతా చేరే చెట్టే తన నమూనా అన్నాడు. మన రచ్చబండ చెట్టు తెలిసినవాళ్ళకి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. ఆయన పైకప్పు గరాటులా లోపలికి వాలి ఉండేది. వాన పడితే నీళ్ళన్నీ మధ్యకి చేరి, చుట్టూ కూర్చున్నవాళ్ళ ముందు ధారగా కిందికి దూకేవి. నేల కింద పట్టి, తర్వాత పార్కు మొక్కలకి పోసే ఏర్పాటు అది. లండన్‌లో వాన అంటే చిరాకు పడే జనం వాన కోసం ఎదురుచూసిన వేసవి అది.

2012లో స్విట్జర్లాండ్ ఆర్కిటెక్టులు హెర్జోగ్, డి మ్యూరాన్, చైనా కళాకారుడు ఐ వెయ్‌వెయ్ కలిసి చేసింది ఇంకా తమాషా. పైకి కట్టకుండా కిందికి తవ్వారు. ఏటా అదే పచ్చికలో ఎవరో ఒకరు పునాది వేసి వెళ్ళారు కదా, ఆ పాత పునాదుల ఆనవాళ్ళన్నీ వెతికి, వాటి గీతల వెంటే గుంటలూ మెట్లూ కూర్చునే చోట్లూ చేశారు. నేలంతా బెండు (కార్క్) పరిచారు. పైకప్పు మనిషి ఎత్తు కూడా లేదు, దాని మీద నీళ్ళు నిలిపారు, ఆ నీళ్ళలో ఆకాశం. బెండు మెత్తగా, వెచ్చగా ఉంటుంది. దాని మీద కూర్చున్నవాళ్ళు లేవడానికి తొందరపడరు. తాత్కాలికం అనుకున్న కట్టడాలకి కూడా నేలలో జ్ఞాపకం మిగులుతుందని ఉపన్యాసం ఇవ్వకుండానే చూపించారు.

ఈ పెవిలియన్ల మీద విమర్శ లేకపోలేదు. ఇదంతా పేరున్న ఆర్కిటెక్టుల ఫ్యాషన్ షో అని, స్పాన్సర్ల పార్టీలకి అందమైన వేదిక అని అనేవాళ్ళున్నారు. అందులో నిజం ఉంది. మొదలైందే విందు కోసం కదా! 2019లో జపాన్ ఆర్కిటెక్ట్ జున్యా ఇషిగామి వంతు వచ్చినప్పుడు, ఆయన ఆఫీసులో జీతం లేని ఇంటర్న్‌లతో పని చేయిస్తున్నారన్న సంగతి బయటపడి గొడవైంది. పెవిలియన్ మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ డబ్బు ఇవ్వాల్సిందేనని గ్యాలరీ చెప్పాల్సి వచ్చింది. ఆరు నెలల గడువు అనే మాట వినడానికి ఉత్సాహంగా ఉంటుంది, కానీ ఆ గడువు భారం ఎవరి రాత్రుల మీద పడుతుందన్నది ఏ ప్రారంభోత్సవంలోనూ మాట్లాడుకునే విషయం కాదు.

ఇక గడప లోపల. ఇక్కడ పార్కు ఇచ్చిన ప్రేక్షకులని గ్యాలరీ మెత్తగా ఏమీ చూడలేదు. 1994లో కళాకారుడు డేమియన్ హర్స్ట్ ఏర్పాటు చేసిన ప్రదర్శనలో, కళేబరాలు చెడకుండా ఉంచే ఫార్మాల్డిహైడ్ నింపిన గాజు తొట్టిలో ఒక చచ్చిన గొర్రెపిల్లని నిలబెట్టాడు. ఒకడు వచ్చి ఆ తొట్టిలో నల్ల ఇంకు పోసి, పేరు పలక మార్చి "నల్ల గొర్రె" అని పెట్టాడు, కోర్టు దాకా వెళ్ళింది. 1995లో కార్నీలియా పార్కర్ ప్రదర్శనలో నటి టిల్డా స్వింటన్ గాజు పెట్టెలో రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏడు రోజులు నిద్రపోయింది. కుక్కని నడిపించుకుంటూ వచ్చినవాడికి గాజులో నిద్రపోతున్న మనిషి ఎదురైతే వాడు ముందు అడిగేది "ఆవిడ నిజంగా నిద్రపోతోందా?" అనే. అది తక్కువ ప్రశ్నేమీ కాదు. ఆ కళాఖండం అడిగేది కూడా అదే.

వీటన్నిటిలో దగ్గరగా చూడాల్సింది 2014 వేసవిలో కళాకారిణి మరీనా అబ్రామోవిచ్ చేసిన "512 గంటలు". రోజుకు ఎనిమిది గంటలు, మొత్తం 64 రోజులు. లెక్క సరిపోయింది. గోడల మీద ఏమీ లేదు, గదుల్లో దాదాపు ఏమీ లేదు. వచ్చినవాళ్ళు బ్యాగు, ఫోను, వాచీ లాకర్‌లో పెట్టి తాళం వేసుకోవాలి. చెవులకి చప్పుడు వినపడనివ్వని హెడ్‌ఫోన్లు. ఆవిడో, ఆవిడ సహాయకులో వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, గోడకి ఎదురుగా నిలబెట్టి, కళ్ళు మూసుకోమనేవారు. ఒక గదిలో అడుగులో అడుగు వేస్తూ నడవాలి. ఇంకో గదిలో మడత మంచాలు. మరోచోట బల్లల మీద కలిపి పోసిన బియ్యం, పప్పు. కూర్చుని రెండూ వేరు చేసి గింజలు లెక్కపెట్టాలి. మన ఇళ్ళలో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరిన అమ్మమ్మలు దీన్ని చూస్తే నవ్వేవాళ్ళు, పని తెమలకుండా గింజలు లెక్కపెట్టడమేంటని కోప్పడేవాళ్ళు కూడా. అయినా లక్షకు పైగా జనం వచ్చారు. ఒకసారికి లోపల 160 మందికే చోటు కాబట్టి బయట క్యూ.

ఆ క్యూలో నిలబడినవాళ్ళందరికీ కళాకారులు తమ శరీరంతోనే చేసే పర్ఫార్మెన్స్ ఆర్ట్ చరిత్ర తెలుసని ఎవరూ అనుకోరు. అక్కడ తెలియాల్సింది కూడా ఏమీ లేదు. వివరణ పలక చదవాల్సిన పని లేనప్పుడు, "నాకు అర్థం కాదేమో" అన్న భయానికి పట్టు దొరకదు. పార్కుకి జనం వచ్చేది ఎందుకు? నడవడానికి, కూర్చోవడానికి, ఏమీ చేయకుండా ఉండడానికి. ఆవిడ లోపల పెట్టింది అవే మూడు పనులు. ఇది కళా, ధ్యాన శిబిరమా అని పత్రికలు వెక్కిరించాయి గానీ, ఆ చోటుకి అంత సరిగ్గా అతికిన ప్రదర్శన ఇంకొకటి చెప్పడం కష్టం. అదే పని ఏదో ఊరి మధ్య తెల్ల పెట్టె గ్యాలరీలో చేసి ఉంటే నటనలా ఉండేది.

2018లో క్రిస్టో అనే కళాకారుడు ఇంకో అడుగు బయటికి వేసి, ఏకంగా చెరువు మీదికే వెళ్ళాడు. 7,506 పీపాలకి రంగులు వేయించి, 20 మీటర్ల ఎత్తు రాశిగా పేర్చి సర్పెంటైన్ సరస్సులో తేలించాడు. బాతులు దాని పక్క నుంచే ఈదుకుంటూ పోయాయి. పడవల్లో తిరిగేవాళ్ళకి గ్యాలరీ ఉందని కూడా తెలియనవసరం లేకపోయింది.

ఇంతవరకు చెప్పింది ప్రదర్శనల సంగతి. ప్రజా విద్య అనే రెండో సగం బయటికి అంతగా కనిపించదు, పత్రికలు కూడా పెద్దగా పట్టించుకోవు. పిల్లలతో వచ్చే కుటుంబాలకి రంగులూ కాగితాలూ ఇచ్చి కూర్చోబెట్టడం, కళాకారుల ప్రసంగాలు, బడి పిల్లల బృందాలు, వేసవిలో పెవిలియన్‌లో జరిగే రాత్రి కార్యక్రమాలు ప్రతి మంచి గ్యాలరీలో ఉండేవే, ఇక్కడా ఉన్నాయి. 2006లో డచ్ ఆర్కిటెక్ట్ రెమ్ కూల్‌హాస్ కట్టిన, గాలి నింపిన గుడ్డులాంటి పైకప్పు ఉన్న పెవిలియన్‌లో ఆయనా ఓబ్రిస్టూ కలిసి 24 గంటలు వరసగా ఇంటర్వ్యూలు చేశారు. తెల్లవారుజామున నాలుగింటికి కూడా అక్కడ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. సరదాగానే ఉంటుంది. కానీ అలాంటి వాటికి వచ్చేది ఎలాగూ వచ్చేవాళ్ళే.

రానివాళ్ళ సంగతేంటి? పార్కు అందరిదీ అనడం తేలిక. ఆ పార్కు చుట్టూ ఉన్నవి లండన్‌లోనే అత్యంత ఖరీదైన ఇళ్ళు. కొద్ది మైళ్ళ దూరంలోనే పేదల అపార్ట్‌మెంట్లు. ఉదయం ఒక షిఫ్టు, సాయంత్రం ఇంకో షిఫ్టు చేసేవాళ్ళకి వాకింగ్ ఎక్కడిది? అరుగు ఎంత బాగున్నా ఆ వీధిలో నడవనివాళ్ళకి పనికిరాదు. దీన్ని సర్పెంటైన్ విద్యా విభాగం తొందరగానే గ్రహించినట్టుంది. జనాన్ని గ్యాలరీకి రప్పించే ప్రయత్నం కాస్త పక్కన పెట్టి, కళాకారుల్నే జనం ఉన్నచోటికి పంపింది. హైడ్ పార్కు ఈశాన్య మూల నుంచి మొదలయ్యే ఎడ్జ్‌వేర్ రోడ్డు అరబ్బు హోటళ్ళకీ, హుక్కా కేఫ్‌లకీ పేరు. 2009 ప్రాంతంలో అక్కడ దుకాణాల మధ్య ఒక చోటు తీసుకుని, "సాధ్యమయ్యే చదువుల కేంద్రం" అనే అర్థం వచ్చే పేరు పెట్టి, కొన్నేళ్ళపాటు నడిపారు. వలస వచ్చి ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్ళు అక్కడ నాటకాలు కట్టారు. పనిచోట యజమానికి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే పాఠం, అదే నాటకం.

ఈ వరసలో అన్నిటికంటే విచిత్రమైన పని మార్కస్ కోట్స్ చేసింది. వయసు మళ్ళినవాళ్ళతో, సంరక్షణ కేంద్రాల్లో ఉన్నవాళ్ళతో కళాకారులు పనిచేసే పథకం ఒకటి సర్పెంటైన్ నడిపింది. కోట్స్ ఉత్తర లండన్‌లోని ఒక హాస్పిస్‌కి వెళ్ళాడు. ఇక నయం కాని జబ్బుతో చివరి రోజులు గడిపేవాళ్ళు ఉండే చోటు. బొమ్మలు వేయిద్దామనో, జ్ఞాపకాలు రాయిద్దామనో ఆయన వెళ్ళలేదు. మీకు నేనేం చేసిపెట్టగలనని అడిగాడు. ఒక రోగి తనకి అమెజాన్ అడవి చూడాలని ఉండేదని, ఇక వెళ్ళలేనని చెప్పాడు. అక్కడివాళ్ళని అడగాల్సిన ప్రశ్నలు కూడా ఆ మనిషి దగ్గర ఉన్నాయి. కోట్స్ ఆయన బదులు ఈక్వడార్ అడవులకి వెళ్ళి, వావొరానీ తెగ వాళ్ళతో ఉండి, ఆ ప్రశ్నలు అడిగి, తిరిగొచ్చి ఆ మంచం పక్కన కూర్చుని చూసిందంతా చెప్పాడు. తర్వాత తయారైన వీడియోలో అడవి కనిపించదు. హాస్పిస్ కిటికీ, దాని అవతల వీధి, వెనక ఇద్దరి మాటలు. అంతే.

కాశీకి వెళ్ళే మనిషికి ఇరుగుపొరుగు తమ పేరు మీద కూడా గంగలో ఒక మునక వేయమని చెప్పే దేశంలో ఈ పని అంత వింతగా తోచదు. కానీ గ్యాలరీ విద్యా కార్యక్రమం అనే చట్రంలో చూస్తే ఇది తలకిందులు. ఇక్కడ నేర్పింది ఎవరు, నేర్చుకుంది ఎవరు? అడిగే ప్రశ్నలు రోగివి, వెళ్ళింది కళాకారుడు, దారి ఖర్చు సంస్థది. ఎంతమంది హాజరయ్యారు అనే కాలమ్‌లో ఇలాంటి పనికి ఒకటి అని రాయాలి. ఆ ఒకటిని ఒప్పుకునే ఓపిక ఉన్న సంస్థలు ఎక్కడైనా అరుదే.

అదే ఆలోచన ఇంకాస్త పెద్ద ఎత్తున 2022లో "రేడియో బాలడ్స్" రూపంలో వచ్చింది. పేరు 1950ల చివర్లో బీబీసీలో మొదలైన, మామూలు పనివాళ్ళ మాటల్నీ పాటల్నీ కలిపి అల్లిన రేడియో కార్యక్రమాల నుంచి తీసుకున్నది. సోనియా బాయ్స్, హెలెన్ కామక్, రోరీ పిల్‌గ్రిమ్, ఇలోనా సాగర్ అనే నలుగురు కళాకారులు తూర్పు లండన్ అంచున ఉన్న బార్కింగ్ అండ్ డాగెన్‌హామ్‌లో మూడేళ్ళపాటు సామాజిక సేవా విభాగాల్లో పనిచేసేవాళ్ళతో, ఆ సేవలు పొందేవాళ్ళతో కలిసి పనిచేశారు. ఇళ్ళలో హింసకి గురైన ఆడవాళ్ళ మాటలు ఒక పనిలో, ఒకప్పటి ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీ మనుషుల ఊపిరితిత్తుల్లో మిగిల్చిన జబ్బు ఇంకో పనిలో. ప్రదర్శన సర్పెంటైన్‌లోనే కాకుండా బార్కింగ్ టౌన్ హాల్‌లో కూడా పెట్టారు. రోరీ పిల్‌గ్రిమ్ మరుసటి ఏడాది, బ్రిటన్‌లో కళాకారులకిచ్చే పెద్ద బహుమతి టర్నర్ ప్రైజ్ తుది జాబితాకి చేరడానికి కారణం ఇందులోని పనే. ఈ పాయింట్ ముఖ్యం. ఎడ్జ్‌వేర్ రోడ్డు నాటికి విద్యా విభాగం పని ఒక పక్క, ప్రధాన ప్రదర్శనలు ఒక పక్క ఉన్నట్టుండేవి. ఇక్కడికి వచ్చేసరికి రెండూ ఒకటే గదిలోకి వచ్చాయి.

పెవిలియన్ కూడా ఈ దారిలోనే ఒకసారి నడిచింది. కోవిడ్ వల్ల ఏడాది ఆలస్యమై 2021లో వచ్చిన పెవిలియన్ దక్షిణాఫ్రికాకి చెందిన సుమయ్యా వల్లీది. లండన్‌లో వలసవాళ్ళు కలుసుకునే మసీదులు, మార్కెట్లు, హోటళ్ళు, పుస్తకాల షాపుల ఆకారాల నుంచి ముక్కలు తీసుకుని ఆవిడ దాన్ని కూర్చింది. ఆ ముక్కల్లో నాలుగింటిని పార్కు బయట పెట్టారు. ఒకటి ఫిన్స్‌బరీ పార్క్ అనే పేటలోని న్యూ బీకన్ బుక్స్ అనే నల్లజాతి ప్రచురణకర్తల పుస్తకాల షాపులో, ఒకటి బార్కింగ్ వైపు వాలెన్స్ లైబ్రరీలో. పిలిచినా రానివాళ్ళ వీధికి అరుగునే మోసుకెళ్ళారు.

డబ్బు దగ్గరికి వస్తే మళ్ళీ చిక్కు. 2013లో పార్కులోనే, 1805 నాటి తుపాకి మందు గిడ్డంగిని బాగుచేసి రెండో గ్యాలరీ తెరిచారు. జహా హదీద్ దాని పక్కన తెల్లటి అలలాంటి కప్పుతో రెస్టారెంట్ కట్టింది. విరాళం ఇచ్చిన శాక్లర్ కుటుంబం పేరు దానికి పెట్టారు. అమెరికాలో నొప్పి మాత్రల వ్యసనంతో జనం చచ్చిపోవడానికి ఆ కుటుంబపు మందుల కంపెనీయే కారణమన్న కోపం రాజుకుంటున్న రోజులు త్వరలోనే వచ్చాయి. 2019లో అదే గ్యాలరీలో ప్రదర్శన పెట్టిన జర్మన్ కళాకారిణి హిటో స్టైయర్ల్ ఒక ఫోన్ యాప్ తయారుచేసింది. ఫోన్ భవనం వైపు తిప్పి చూస్తే గోడ మీది శాక్లర్ పేరు మాయమైపోతుంది. చుట్టుపక్కల పేదా గొప్పా తేడాల లెక్కలు కూడా ఆ ప్రదర్శనలో భాగమే. అతిథిగా పిలిచిన ఇంట్లో కూర్చుని ఇంటి పేరు చెరిపేయడమంటే ఇదే. 2021లో సంస్థ ఆ భవనాన్ని సర్పెంటైన్ నార్త్ అని పిలవడం మొదలుపెట్టింది. ఒక్క యాప్ వల్లే అని కాదు గానీ, గోడ మీది పేరు కూడా ప్రేక్షకులు చదివే పాఠమేనని ఆ ప్రదర్శన చూపించింది.

పొరుగు అనే మాటకి ఈ గ్యాలరీ ఇచ్చిన బరువైన జవాబు 2023 ఏప్రిల్, మే నెలల్లో కనిపించింది. 2017 జూన్ 14న నార్త్ కెన్సింగ్టన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు లేచి 72 మంది చనిపోయారు. ఆ మాడిన భవనాన్ని తెరలతో కప్పేయకముందే, ఆ డిసెంబర్‌లో దర్శకుడు స్టీవ్ మెక్వీన్ హెలికాప్టర్ నుంచి చిత్రీకరించాడు. ఆ పొట్టి చిత్రాన్ని సర్పెంటైన్‌లో ఉచితంగా చూపించారు. నిడివి 24 నిమిషాలు. ఊరి అంచున పచ్చటి పొలాల మీద మొదలై, నగర రొద మధ్యగా కెమెరా ఆ టవర్ దగ్గరికి వస్తుంది. చప్పుడు ఆగిపోతుంది. ఆపైన చుట్టూ తిరగడమే. వ్యాఖ్యానం లేదు, సంగీతం లేదు. బయటికి వచ్చే దారిలో గోడ మీద చనిపోయిన 72 మంది పేర్లు. జనానికి చూపించే ముందు, బతికి బయటపడినవాళ్ళకీ పోయినవాళ్ళ కుటుంబాలకీ విడిగా చూపించారు. చూసినవాళ్ళు తలుపు తీసుకుని బయటికి వస్తే మళ్ళీ అదే పచ్చిక, అవే పిల్లలు, అవే కుక్కలు. తెల్ల పెట్టె గ్యాలరీ నుంచి బయటికి వస్తే రోడ్డు ఉంటుంది, ఎటో అటు నడిచిపోతారు. ఇక్కడ బెంచీలు ఉన్నాయి. ఒక బాధాకరమైన పని చూపించే చోటుకి దగ్గర్లో ఊరికే కూర్చునే చోటు ఉండడం ఎంత అవసరమో ఏ గ్యాలరీ డిజైన్ పుస్తకమూ అంత బాగా చెప్పలేదేమో.

భారతీయ కళతో ఈ పార్కు సంబంధం చెప్పకుండా వదలడం సరికాదు. 2008 డిసెంబర్‌లో "ఇండియన్ హైవే" పేరుతో మన దేశపు సమకాలీన కళాకారుల ప్రదర్శన పెట్టారు. భవనం బయటి గోడల మీద ఎం.ఎఫ్. హుస్సేన్ బొమ్మలు. అదే ఏడాది ఢిల్లీలో జరిగిన ఇండియా ఆర్ట్ సమ్మిట్, గొడవలవుతాయన్న భయంతో ఆయన చిత్రాలు లేకుండానే జరిగింది. అప్పటికే దేశం వదిలి ఉంటున్నాడు. హైదరాబాద్‌లో సినిమా ఘర్ కట్టుకున్న మనిషి బొమ్మలు లండన్ పార్కులో టికెట్ లేకుండా, తలుపు కూడా లేకుండా, నడిచిపోయే ప్రతివాడికీ కనిపించాయి. 2025లో అర్పితా సింగ్ చిత్రాల ప్రదర్శన నార్త్ గ్యాలరీలో జరిగింది. ఎనభై ఏడేళ్ళ వయసులో, భారతదేశం బయట ఒక పెద్ద సంస్థలో ఆవిడ సొంత ప్రదర్శన అదే మొదటిది.

ఆ వేసవిలోనే పాత గ్యాలరీ పచ్చిక మీద బంగ్లాదేశ్ ఆర్కిటెక్ట్ మరీనా తబస్సుమ్ పెవిలియన్ లేచింది. నమూనా షామియానా. పెళ్ళి పందిరి గుడ్డలోంచి దిగే ఎండ ఎలా ఉంటుందో అలాంటి వెలుగు కోసం, చెక్క చట్రాలకి కాంతిని పల్చగా వడకట్టే పలకలు బిగించింది. నాలుగు భాగాల్లో ఒకటి జరిగి, పక్కదానితో కలుస్తుంది. లోపల బెంగాలీ సాహిత్యం పుస్తకాల అర. విందు కోసం వేసిన టెంటుతో మొదలైన ఆనవాయితీ పాతికేళ్ళకి మళ్ళీ షామియానా దగ్గరికే వచ్చింది, ఈసారి భోజనానికి టికెట్ లేదు. మధ్యలో ఒక గింకో చెట్టు. అక్టోబర్‌లో పెవిలియన్ విప్పేశాక దాన్ని మాత్రం పార్కులోనే నాటాలని మొదటే అనుకున్నారు.